'ఎలా ఉంది?' అని అడగడం మానేద్దాం

విద్యార్థులుగా ఉన్నప్పుడు మేం ప్రాజెక్టు కోసం తీసిన మ్యూజిక్ వీడియో నిడివి 3 నిమిషాల 50 సెకన్లు. దాన్ని మొదటిసారి బయటివాళ్లకు చూపించిన సాయంత్రం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. క్లాసురూమ్ కిటికీలకు చార్టులు అంటించి చీకటి చేశాం. ప్రొజెక్టర్ పెట్టాం. పద్నాలుగు మంది వచ్చారు. చివరి ఫ్రేమ్ మాయమవగానే చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి "ఎలా ఉంది?" అని అడిగాను. "బాగుంది" అన్నారు. "చాలా బాగుంది" అన్నారు. ఒకరు "కెమెరా అదిరింది" అన్నారు. ఆ తర్వాత ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారో చెప్పమని తలా ఒక ఫామ్ ఇచ్చాం. సగటు 4.4 వచ్చింది. దాన్ని రంగురంగుల బొమ్మగా గీసి, 'ప్రేక్షకుల స్పందన' అని శీర్షిక పెట్టి, రిపోర్టులో ఒక పేజీ నింపాం.

రెండు వారాల తర్వాత మా కెమెరామన్ వాళ్ల అక్క ఆ వీడియో చూసింది. ఆవిడకి మా కథేమిటో, మేమెన్ని రోజులు తీశామో ఏమీ తెలియదు. చివరిదాకా శ్రద్ధగా చూసి, "పాపం, ఆ పిల్ల ఎలా చచ్చిపోయింది?" అని అడిగింది.

మా కథలో ఎవరూ చచ్చిపోరు. ఆ అమ్మాయి తెల్లవారుజామున ఇల్లు విడిచి, బస్సెక్కి, తనకు నచ్చిన బతుకు వెతుక్కుంటూ వెళ్తుంది. మేం ఆమెకు తెల్లబట్టలు వేశాం. నడకను స్లో మోషన్‌లో పెట్టాం. ఆఖరి షాట్‌ను మెల్లగా తెలుపులోకి ఫేడ్ చేశాం. మాకు ఆ తెలుపు తెల్లవారే వెలుగు. ఆవిడకి అది ప్రాణం పోవడం. ఆలోచిస్తే ఆవిడ తప్పేమీ లేదు. తెల్లబట్టలు, మందగించిన నడక, తెల్లగా కరిగిపోయే తెర, ఈ మూడూ ఒకచోట కలిస్తే చావని అర్థం చేసుకోవడం మనందరికీ సినిమాలు చూసీ చూసీ అలవాటైపోయింది. మరి ఆ పద్నాలుగు మందికి ఎందుకు అర్థమైంది? వాళ్లలో సగం మంది షూటింగుకి వచ్చినవాళ్లు. మిగతా సగం మందికి నెలరోజులుగా కథ చెబుతూనే ఉన్నాం. ఆమె బస్సెక్కి వెళ్లిపోయిందన్న సంగతి వాళ్లకు తెర చెప్పలేదు, మేం చెప్పాం.

అప్పటికి వీడియో సమర్పించేశాం. ల్యాబ్ కంప్యూటర్లో ప్రాజెక్టు ఫైళ్లు కూడా తుడిచేశారు. సరిదిద్దుకునే దారి లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లుగా విద్యార్థుల జట్లతో ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటున్నాను. దాదాపు ప్రతి జట్టూ మేం చేసిన పనే చేస్తుంది. వీడియో అంతా అయిపోయాక, మార్చడానికి టైమ్ లేని రోజున, తెలిసినవాళ్లను పోగేసి, ఎలా ఉందని అడిగి, వచ్చిన మెచ్చుకోళ్లను శాతాల్లోకి మార్చి రిపోర్టులో పెడుతుంది. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. ప్రేక్షకుల దగ్గరికి వెళ్లడం ఎడిటింగులో ఒక భాగం. పని ముగిశాక తెచ్చుకునే సర్టిఫికెట్ కాదది. ఇంకో మాట కూడా అంటాను. తమకు ఏం జరిగిందో చెప్పే విషయంలో ప్రేక్షకుల్ని పూర్తిగా నమ్మొచ్చు. అలా ఎందుకు జరిగిందో చెప్పినప్పుడు సగమే నమ్మాలి. ఏం మార్చాలో చెప్పినప్పుడు మాత్రం, వినయంగా విని, రాసుకుని, పక్కన పెట్టాలి. మన ఫామ్‌లు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాయి.

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. తీసినవాళ్ల ఇబ్బంది ముద్దు ఒక్కటే కాదు. వాళ్లకు అంతా ముందే తెలిసి ఉండటం అంతకంటే పెద్ద ఇబ్బంది. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్లతో కొట్టి వినిపించాలి. ఎదుటివాళ్లు అది ఏ పాటో కనుక్కోవాలి. ఎదుటివాళ్లు సగం పాటలైనా కనుక్కుంటారని కొట్టేవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో ఎదుటివాళ్లు పోల్చుకున్నవి మూడే. కొట్టేవాడి తలలో పల్లవి, వాయిద్యాలు, గొంతు అన్నీ మోగుతుంటాయి. వినేవాడికి చేరేది ఉత్త టకటక. మ్యూజిక్ వీడియో తీసే విద్యార్థి పరిస్థితి అచ్చంగా ఇదే. ఒక షాట్‌ను టైమ్‌లైన్ మీద మూడొందలసార్లు చూశాక, ఆ షాట్‌లో లేనిది కూడా కనబడటం మొదలవుతుంది. ఆ రోజు వాన పడటం, హీరోయిన్ ముఖంలో నిజంగానే అలసట ఉండటం, ఆ ఒక్క షాట్ కోసం రెండు గంటలు ఎదురుచూడటం, ఇవన్నీ తీసినవాళ్లకు ఆ ఫ్రేమ్‌లోనే ఉన్నాయి. చూసేవాళ్లకు ఒక అమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది, అంతే.

అందుకే తెలియనివాడి కళ్లు కావాలి. కానీ తెలియనివాడిని తెచ్చి కూర్చోబెట్టినా మొహమాటం అనేది ఒకటుంది. ఎదుట నిలబడి ఆశగా చూస్తున్న ఇరవై ఏళ్ల పిల్లల ముఖం మీద "నాకేం అర్థం కాలేదు" అనడానికి ఎవరికైనా నోరు రాదు. అందులో చెడ్డతనం ఏమీ లేదు, ప్రేమే ఉంది. "బాగుంది" అన్న మాట చాలాసార్లు "మీరు కష్టపడ్డారు, నాకు తెలుసు" అన్న అర్థంలోనే వస్తుంది. ఆ మాట మనసుకు కావాలి, కాదనను. ఎడిటింగుకి మాత్రం అది పనికిరాదు.

గుంపులో అడిగితే మొహమాటం ఇంకా చిక్కబడుతుంది. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవులు పోల్చే ఒక పరీక్ష పెట్టాడు. గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెబుతారు. కళ్లెదుట గీత కనబడుతున్నా, అలాంటి సందర్భాల్లో దాదాపు మూడోవంతు జవాబులు గుంపు చెప్పిన తప్పువైపే మొగ్గాయి. జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు ఆ మొగ్గు బాగా తగ్గింది. గీతల పొడవు విషయంలోనే ఇలా ఉంటే, పాట నచ్చిందా లేదా అన్నదాంట్లో ఇంకెలా ఉంటుంది? మా షోలో ఒకరు "కెమెరా అదిరింది" అన్నాక, ఆ తర్వాత మాట్లాడిన అయిదుగురూ కెమెరా గురించే మాట్లాడారు. కాబట్టి నా దగ్గరికి వచ్చే జట్లకు ఒక కచ్చితమైన నియమం పెట్టాను. చూడటం అయ్యాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ప్రతివాళ్లూ విడివిడిగా రాయాలి. మాటలు ఆ తర్వాతే. ఇంకో సంగతి, అడిగేవాళ్లు వీడియో తీసినవాళ్లు కాకుండా ఉంటే మరీ మంచిది. రెండు జట్లు ఉంటే ఒకరి వీడియోను ఇంకొకరు చూపించి అడగొచ్చు. "ఇది మేం తీసింది కాదండీ, మీకు ఏమనిపిస్తే అది చెప్పండి" అన్న ఒక్క మాటతో గది గాలే మారిపోతుంది.

ఇక ఏం అడగాలి?

నేను అడిగించే మొదటి ప్రశ్న ఇది: "ఇప్పుడు చూసింది చూడనివాళ్లకు మీరెలా చెబుతారు? నాలుగు వాక్యాల్లో రాయండి." ఇందులో మెచ్చుకోవడానికీ విమర్శించడానికీ చోటే లేదు. మొహమాటపడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే కథ చెప్పమంటున్నాం, తీర్పు కాదు. మేం ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న తెలియనివాళ్లను అడిగి ఉంటే చావు సంగతి అక్కడే బయటపడేది. రెండో ప్రశ్న, "కళ్లు మూసుకుంటే ఏ బొమ్మ కనబడుతోంది?" మూడోది, "ఎక్కడైనా 'ఇదేంటి' అనిపించిందా?" ఇవి చాలు. పదిహేను ప్రశ్నల ఫామ్ ఇస్తే పదో ప్రశ్న దగ్గర మనిషి అలసిపోయి అడ్డదిడ్డంగా టిక్కులు పెడతాడు.

వీటిని అడిగే ముందు జట్టు చేసి తీరాల్సిన పని ఒకటుంది. దాదాపు ఎవరూ చేయనిదీ అదే. చూసినవాళ్లు ఏం చెప్పాలని మనం కోరుకుంటున్నామో, షోకి ముందే కాగితం మీద రాసి మడిచి పెట్టుకోవాలి. పల్లవి అయ్యేసరికి ఏం తెలియాలి, మొదటి చరణంలో ఎవరి మీద జాలి కలగాలి, ఆఖర్న ఏ భావం మిగలాలి, ఇవన్నీ. ఇది రాసుకోకపోతే మనం మనకు తెలియకుండానే గోల్‌పోస్టు జరిపేస్తాం. "ఆ, అదికూడా ఒక అర్థమేలే" అనుకుంటాం. మేం సరిగ్గా అలాగే అనుకున్నాం. అక్క మాట విన్నప్పుడు మాలో ఒకడు "పాత జీవితం చచ్చిపోయిందనుకోవచ్చుగా" అన్నాడు. అది మేం ఎన్నడూ అనుకున్నది కాదు. తప్పు ఒప్పుకోవడానికి మనసొప్పక అప్పటికప్పుడు అల్లుకున్నది.

'ఎందుకు' అన్న ప్రశ్న గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే విద్యార్థుల ఫామ్‌లన్నీ దాని మీదే నడుస్తాయి. "నచ్చిందా? ఎందుకు?" "నచ్చలేదా? ఎందుకు?" 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమతి విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. అందులో ఒక పరీక్ష ఉంది. ఒక బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యంగా ఉందో చెప్పమన్నారు. నాలుగూ ఒకటే రకం, తేడా లేదు. కానీ అన్నిటికంటే ఎక్కువమంది కుడి చివరనున్నదాన్ని ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత గురించీ, మెత్తదనం గురించీ చెప్పారు. అది కుడివైపు ఉండటం వల్ల అని ఒక్కరూ అనలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కారణం అడిగితే మనిషి బుద్ధికి తోచిన కారణం చెబుతాడు, అసలు కారణం అతనికీ తెలియకపోవచ్చు.

ఒక జట్టు రఫ్ కట్, అంటే ఇంకా మెరుగులు దిద్దని తొలి కూర్పు, చూపించినప్పుడు ఇది నా కళ్లారా చూశాను. చూసిన ఏడుగురిలో అయిదుగురు "రెండో చరణం బోర్ కొట్టింది, తగ్గించండి" అని రాశారు. జట్టు వెంటనే రెండో చరణం మీద పడింది. షాట్లు పొట్టివి చేశారు, కట్లు పెంచారు, రంగులు మార్చారు. ఇంకో నలుగురికి చూపిస్తే వాళ్లూ అదే మాట. అప్పుడు మొదటి షోలో నేను రాసుకున్న కాగితం తీశాం. ఆ షోలో నేను తెర చూడలేదు, చూసేవాళ్లను చూశాను. ఎవరు ఎప్పుడు కదిలారో, ఎప్పుడు ఫోన్ వైపు చెయ్యి పోయిందో, స్టాప్‌వాచ్ చూసుకుంటూ రాశాను. మొదటి కదలిక 1 నిమిషం 20 సెకన్ల దగ్గరే ఉంది, ఇంకా రెండో చరణం మొదలే కాలేదు. అక్కడ తెర మీదకి ఇంకో అబ్బాయి వస్తాడు. అతను పాడేవాడికి తమ్ముడు. ఆ సంగతి స్క్రిప్టులో ఉంది, తెర మీద లేదు. అతనెవరో తెలియక చూసేవాళ్లు వెనకబడ్డారు. వెనకబడినవాళ్లకు రెండో చరణంలోని అన్నదమ్ముల గొడవ ఇద్దరు ఎవరో కొట్టుకుంటున్నట్టే ఉంది. బోర్ కొట్టింది అక్కడే, నిజమే, కానీ జబ్బు పుట్టింది అంతకు ముందు. ఆ పిల్లలు ఇద్దరూ చిన్నప్పుడు కలిసి దిగినట్టుండే ఒక ఫొటో తయారుచేసి, గోడకు తగిలించి, మూడు సెకన్ల షాట్ తీసి పల్లవిలో పెట్టారు. రెండో చరణాన్ని మొదట ఎలా ఉందో అలాగే వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత చూసినవాళ్లలో ఒక్కరూ బోర్ అనలేదు. ఇద్దరైతే గొడవ దగ్గర ముందుకు వంగి కూర్చున్నారు.

ప్రేక్షకుడు "ఇక్కడ నొప్పిగా ఉంది" అని చెబితే నమ్మండి. ఏ మందు వేయాలో అతన్ని అడగకండి, అది మీ పని.

క్షణక్షణానికి స్పందన పట్టుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1930ల చివర్లో పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ అనే పరిశోధకులు రేడియో కార్యక్రమాల కోసం ప్రోగ్రామ్ అనలైజర్ అనే యంత్రం తయారుచేశారు. వినేవాళ్ల చేతుల్లో రెండు బొత్తాలు, నచ్చితే ఆకుపచ్చ, నచ్చకపోతే ఎరుపు. నొక్కినప్పుడల్లా కదిలే కాగితం మీద గీత పడేది. కార్యక్రమం అయ్యాక ఆ గీతలు దగ్గర పెట్టుకుని ఆయా చోట్ల ఏమనిపించిందో అడిగేవారు. ఇప్పుడు యూట్యూబ్ స్టూడియోలో కనబడే ప్రేక్షకులు నిలిచిన గ్రాఫ్ దానికి మనవరాలు లాంటిది. ఏ సెకనులో ఎంతమంది మిగిలారో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చూశారో అది చూపిస్తుంది. మళ్లీ చూసింది నచ్చడం వల్లనో అర్థం కాకపోవడం వల్లనో మాత్రం చెప్పదు. అందుకు మనిషిని అడగాల్సిందే.

మనుషుల్ని చూసి తెలుసుకోవడం ఇంకా పాతది. నాట్యశాస్త్రం 27వ అధ్యాయమంతా ప్రదర్శన సిద్ధించిందో లేదో ఎలా తెలుస్తుందన్న చర్చే. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, సాధు అనడం, అహో అనడం, అయ్యో కష్టం అనడం, ఒళ్లు పులకరించడం, కూర్చున్నచోటి నుంచి లేవడం, వీటన్నిటినీ భరతుడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి మానుషీ సిద్ధి అన్నాడు. రంగస్థలం నిండుగా ఉండి, సద్దు లేక, కదలిక లేక అంతా నిశ్చలమైపోవడాన్ని దైవికీ సిద్ధి అన్నాడు. ఇది చదివినప్పటి నుంచి నేను షోలో నిశ్శబ్దాన్ని కూడా రాసుకుంటున్నాను. అందరూ కదలకుండా ఉన్న పది సెకన్లు ఏవో తెలిస్తే, ఎడిటింగులో ముట్టుకోకూడని చోటేదో తెలిసినట్టే. ఫామ్‌లో ఆ సంగతి ఎవరూ రాయరు.

మ్యూజిక్ వీడియోకి ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. షార్ట్ ఫిల్మ్ అయితే చూసేవాళ్లు తెర మీదున్నదానికే స్పందిస్తారు. ఇక్కడ పాట ఉంది. పాట నచ్చితే వీడియోకి మార్కులు పడతాయి, పాట నచ్చకపోతే మంచి బొమ్మలకు కూడా పడవు. ఆ పాట ముందే తెలిసినవాళ్లయితే దానితోపాటు వాళ్ల సొంత జ్ఞాపకాలు వస్తాయి. అందుకే ముగ్గురికో నలుగురికో శబ్దం పూర్తిగా తీసేసి చూపించమంటాను. మూగగా చూసినప్పుడు కథ ఎంతవరకు నిలబడుతుందో తెలుస్తుంది. ఇంకో ముగ్గురికి పాట మాత్రమే వినిపించి, ఏం కనబడిందో రాయమంటాను. మ్యూజిక్ వీడియోల మీద 1992లో పుస్తకం రాసిన ఆండ్రూ గుడ్విన్ పాటకీ బొమ్మకీ మధ్య మూడు రకాల సంబంధం ఉంటుందన్నాడు. బొమ్మ పాటలోని మాటనే చూపించడం, దాన్ని పెంచి కొత్త అర్థాలు కలపడం, దానితో సంబంధం లేకుండా లేదా విరుద్ధంగా నడవడం. మీరు మూడోది ఎంచుకున్నారనుకోండి, విషాద గీతానికి నవ్వే ముఖాలు పెట్టారనుకోండి, చూసినవాళ్లకు అది కావాలని చేసినట్టు అనిపించిందా, పొరపాటులా అనిపించిందా? పాట ఒకరికీ మూగబొమ్మ ఒకరికీ, రెండూ కలిపి ఇంకొకరికీ చూపిస్తే తప్ప ఈ తేడా చిక్కదు.

లిప్ సింక్, అంటే పాటకు పెదవుల కదలిక సరిపోవడం, దాని సంగతి కూడా. దీని మీద ప్రేక్షకులు చెప్పేది దాదాపు ఎప్పుడూ నిజమే, కానీ వాళ్లు ఆ మాటతో చెప్పరు. "ఏదో కృత్రిమంగా ఉంది", "యాక్టింగ్ సరిగా లేదు" అంటారు. శబ్దం పెదవుల కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా మనుషులు పసిగట్టడం మొదలుపెడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసులో ఉంది. సెకనుకి 25 ఫ్రేములైతే ఒక ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. అంటే శబ్దం రెండు ఫ్రేములు ముందుకు జరిగితే చాలు, పాడే పిల్ల ఎంత ప్రాణం పెట్టి పాడినా నటన బాగాలేదన్న మాట ఆమె మీద పడుతుంది. అయితే టైమ్‌లైన్ ముట్టుకునే ముందు షోలో ఏ స్పీకర్ వాడారో చూసుకోండి. బ్లూటూత్ స్పీకర్‌లో శబ్దం ఆలస్యంగా రావొచ్చు. వైరు పెట్టి మళ్లీ చూపించాకే నిర్ణయించండి.

పాడే పిల్ల మాట వచ్చింది కాబట్టి, నా మనసులో ఎప్పటినుంచో ఉన్నది చెప్పేస్తాను. ఒకసారి ఒక జట్టు ఫామ్‌లన్నీ ఒక డబ్బాలో వేయించి, అందరూ కలిసి తెరిచి చదువుకున్నారు. తెర మీద పాడిన అమ్మాయి కూడా అక్కడే ఉంది. పేరు లేని ఒక కాగితం మీద ఆమె రంగు గురించి, ఒళ్లు గురించి రెండు వాక్యాలున్నాయి. చదివేవాడు చదువుతూ చదువుతూ ఆగలేకపోయాడు. ఆ అమ్మాయి లేచి బయటికి వెళ్లింది. ఆ తర్వాత ఆమె మళ్లీ కెమెరా ముందు నిలబడలేదు. దీన్ని నేను మర్చిపోలేను. అప్పటినుంచి నా దగ్గర నియమం ఒకటే: కాగితాలను ముందు ఒక్కరే చదవాలి, ఆ ఒక్కరు తెర మీద కనబడినవాళ్లు కాకూడదు. మనిషి శరీరం గురించి రాసినవి అక్కడే చింపేయాలి. అవి స్పందన కిందికి రావు, ఎడిటింగుకి వాటితో పని లేదు. నటించినవాళ్లు షోలో కూర్చోకపోవడమే మేలు. వాళ్లకు తెలియాల్సింది ఏదైనా ఉంటే, దర్శకత్వం చేసినవాళ్లు తీరిగ్గా, మంచి మాటలతో, పనికి సంబంధించినంతవరకే చెప్పాలి. నిజాయితీగా చెప్పమనడం వేరు, పిల్లల్ని గాయాలకు నిలబెట్టడం వేరు.

ఎంతమందిని అడగాలన్నది అందరూ అడిగే ప్రశ్న. వందమంది చూశారని రాసుకోవాలని ఉబలాటం. నాకు ఆరుగురు చాలు, కానీ మూడుసార్లు. తొలిచూపు అన్నది ఒక మనిషి దగ్గర ఒక్కసారే దొరుకుతుంది. రఫ్ కట్‌కే నలభై మందినీ ఖర్చుపెట్టేస్తే, మార్చాక అసలేమీ తెలియనివాళ్లు ఎక్కడ దొరుకుతారు? కాబట్టి మొదట్లోనే జాబితా రాసుకుని మనుషుల్ని దాచుకోవాలి. రఫ్ కట్‌కి ఆరుగురు, మార్చాక ఇంకో ఆరుగురు, రంగులూ శబ్దం సరిచేశాక ఆఖరి ఆరుగురు. వాళ్లలో ఆ తరహా పాట రోజూ వినేవాళ్లు కొందరు, ఎన్నడూ వినని ఒకరిద్దరు. రిపోర్టులో శాతాలు రాయకండి. పన్నెండు మందిలో ఒక్కరు అభిప్రాయం మార్చుకుంటే శాతం ఎనిమిదికి పైగా కదులుతుంది. "75 శాతం మందికి నచ్చింది" అనే బదులు "పన్నెండు మందిలో తొమ్మిదిమంది చివర్లో ఆమె వెళ్లిపోయిందని రాశారు, ముగ్గురు చనిపోయిందని రాశారు, అందుకని మేం ఫేడ్ తీసేశాం" అని రాయండి. చదివే మాస్టారికి మీరేం నేర్చుకున్నారో అందులో కనబడుతుంది.

ఇదంతా విని ఒప్పుకోనివాళ్లున్నారు. మా జట్టులోనే ఒకడున్నాడు, మా నలుగురిలో అందరికంటే ప్రతిభ ఉన్నవాడు. "ఓట్లు వేయించి కళ చేస్తామా?" అనేవాడు. వాడి మాటలో న్యాయం ఉంది. 1942 మార్చి 17న అమెరికాలోని పొమోనాలో ఆర్సన్ వెల్స్ తీసిన 'ద మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్' ప్రివ్యూ వేశారు. హుషారైన ఒక మ్యూజికల్ చూసిన ప్రేక్షకులకే, దాని వెనకాల ఈ బరువైన సినిమా చూపించారు. జనం విసుక్కున్నారు. గొప్పగా ఉందని ప్రేక్షకులు రాసిచ్చిన కార్డులు కూడా కొన్ని వచ్చాయి, కానీ స్టూడియో భయపడిపోయింది. నలభై నిమిషాలకు పైగా కోసేసి, ముగింపు మళ్లీ తీయించి, 88 నిమిషాల సినిమాగా విడుదల చేసింది. కోసిన రీళ్లను నాశనం చేసింది. ఇప్పుడవి లేవు.

నేను దాన్ని ప్రేక్షకుల మాట వినకూడదనడానికి ఉదాహరణగా తీసుకోను. అక్కడ ఎవరూ వాళ్లకు ఏం అర్థమైందని కూర్చుని అడగలేదు. వేరే రకం సరదాకి సిద్ధపడి వచ్చినవాళ్ల విసుగును తీర్పుగా తీసుకున్నారు, మందు కూడా వేరేవాళ్లు వేశారు, సినిమా తీసినవాడు ఆ టేబుల్ దగ్గర లేనే లేడు. స్పందన వినడమంటే అధికారం అప్పజెప్పడం కాదు. చెప్పిన ప్రతిదీ మార్చాలని ఎవరన్నారు? మీడియాను అధ్యయనం చేసిన స్టువర్ట్ హాల్ 1973లోనే చెప్పాడు, పంపినవాళ్లు ఉద్దేశించిన అర్థాన్ని అలాగే తీసుకునేవాళ్లుంటారు, కొంత ఒప్పుకుని కొంత తమ బతుకుకు తగ్గట్టు మార్చుకునేవాళ్లుంటారు, అర్థమై కూడా ఎదురు తిరిగేవాళ్లుంటారు. ఎదురు తిరిగినవాడి కోసం మీ వీడియో మార్చక్కర్లేదు. వాడికి మీ మాట అందింది, ఒప్పుకోలేదంతే. మార్చాల్సింది మాట అందని చోట. మా తెల్ల ఫేడ్ అలాంటి చోటు.

కొన్నిసార్లు అందకపోవడమే వరమవుతుంది. ఒక జట్టు ఇద్దరు స్నేహితురాళ్ల కథ తీసింది. చూసిన ఆరుగురిలో నలుగురు వాళ్లను తల్లీకూతుళ్లు అనుకున్నారు. ఒకామె కాస్త పెద్దగా కనబడటం వల్ల. జట్టు ఆ రాత్రంతా కూర్చుని, మడిచి పెట్టుకున్న కాగితం మళ్లీ చదువుకుని, ఈ కథే బాగుందని తేల్చుకుని, స్నేహితుల్లా కనబడే రెండు షాట్లు తీసేశారు. అది వాళ్ల నిర్ణయం, తెలిసి తీసుకున్నది. దాన్ని నేను గౌరవిస్తాను.

షో అయ్యాక విద్యార్థులకు అన్నిటికంటే కష్టమైంది నోరు మూసుకోవడం. "అది కాదండీ, అక్కడ మా ఉద్దేశం ఏంటంటే..." అని మొదలుపెడతారు. ఆ మాట వినగానే ఎదుటివాడు సర్దుకుంటాడు, "ఓ, అలాగా, అయితే బాగుంది" అంటాడు. అంతే, ఆ మనిషి దగ్గర ఇక తెలుసుకునేదేమీ ఉండదు. రేపు వీడియో ఎవరి ఫోన్‌లోనో ఆడేటప్పుడు ఆ ఉద్దేశం చెప్పడానికి మీరు పక్కన ఉండరు. చెప్పాలనిపించిన ప్రతి వివరణా రాసుకోండి. మర్నాడు ఎడిట్ చేయాల్సిన పనుల జాబితా అదే అవుతుంది.

ఈ మధ్య పాత ఫైళ్లు సర్దుతుంటే మా వీడియో ఆఖరి కాపీ దొరికింది. ముక్కలు లేవు, అతికి ఉన్న ఒకే ఫైలు. దాన్నే ఎడిటింగులో వేసి, ఆఖరి ఆరు సెకన్ల ఫేడ్ మొదలయ్యే ముందే కోసేశాను. బస్సు కిటికీలోంచి చెట్లు వెనక్కి పోయే షాట్ ఒకటి వీడియో మధ్యలో ఉంది. దాన్ని తెచ్చి చివర పెట్టాను. స్లో మోషన్ నడకను మామూలు వేగానికి తెచ్చాను. మా గురించి ఏమీ తెలియని ముగ్గురికి విడివిడిగా చూపించాను. ఎలా ఉందని అడగలేదు. చివర్లో ఏం జరిగిందో రాయమన్నాను.

ఒకరు, "ఇంట్లోవాళ్లకు చెప్పకుండా వెళ్లిపోయింది" అని రాశారు. ఇంకొకరు, "ఎవరినో కలుసుకోవడానికి వెళ్తోంది" అని రాశారు. మూడో ఆవిడ పెద్దావిడ. కాగితం మీద ఏమీ రాయకుండా కాసేపు తెర వైపే చూస్తూ కూర్చుని, "మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని నన్నే అడిగింది.